తెల్ల మెడ

పాలిథిన్ సంచీలో గాలి సరిగ్గా పట్టిందో లేదో మహాలక్ష్మి చూసి చెప్పదు, కొట్టి చెబుతుంది. సంతలో పుచ్చకాయ బేరమాడేవాళ్లలా మధ్యవేలితో ఒక్కటి మీటుతుంది. సంచీ మెత్తగా మూలిగితే తక్కువ పట్టినట్టు, మరీ కంగుమంటే ఎక్కువైనట్టు. తక్కువైతే గుడివాడ చేరేలోగా లోపలున్న రొయ్యపిల్లలు వెల్లకిలా పడతాయి. ఎక్కువైతే ఎండకి గాలి ఉబ్బి, పామర్రు దాటకముందే సంచీ పటాల్మంటుంది. ఆ రెంటికీ మధ్య మోత ఎలా ఉంటుందని అడిగితే ఆమె చెప్పలేదు. "వింటే తెలుస్తుందండీ" అంటుంది, అంతే.

తొంభై నాలుగు మాఘమాసం. దివిసీమలో వరిచేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులవుతున్న రోజులు. నిరుడు ఎడ్ల పళ్లు చూసి బేరమాడినవాళ్లు ఇప్పుడు నీళ్లు నాలిక మీద వేసుకుని ఉప్పు ఎంతుందో చెబుతున్నారు. నాగాయలంక దిగువన, కాలవగట్టు పక్కన మధుసూదనరావుగారి సీడు షెడ్డు ఉంది. సీడంటే టైగరు రొయ్యపిల్లలు. కనురెప్ప వెంట్రుకంత ఉంటాయి. సముద్రం పాయల్లో ఆడవాళ్లు వలలతో తోడినవీ, గుడ్లు పొదిగించే హేచరీల నుంచి వచ్చినవీ షెడ్డు తొట్లలో ఓ పూట సేదదీరి, సంచుల్లోకెక్కి, అట్టపెట్టెల్లో సర్దుకుని, వాసు నడిపే మెటడార్‌లో గుడివాడ వైపు చెరువులకు పోతాయి.

సంచీకి మూడొంతుల్లో ఒక వంతు నీళ్లు, రెండు వంతులు గాలి. మామూలు గాలి కాదు, సిలిండరు గాలి. మనం పీల్చే గాలిలో అసలు సరుకు ఐదో వంతేనని, మిగతాదంతా ఊరికే లోపలికి వెళ్లి బయటికొచ్చేదేనని బెజవాడ నుంచి సిలిండర్లు తెచ్చే మనిషి ఒకసారి చెప్పాడు.

"అయితే మన రావుగారు చెప్పే మాటల్లాంటిదన్నమాట" అంది దుర్గాదేవి. షెడ్డులో ఆడవాళ్లందరూ నోట్లో కొంగులు కుక్కుకున్నారు.

దుర్గాదేవి మహాలక్ష్మికి తోడికోడలు. వాళ్ల మొగుళ్లు చిన్నబాబు, ప్రసాద్ అన్నదమ్ములు. గిలకలదిండిలో బోటెక్కి సముద్రం మీదికి పోతే మళ్లీ ఎప్పుడొస్తారో వచ్చినప్పుడే తెలుస్తుంది. పాలెంలో పక్కపక్క ఇళ్లు, షెడ్డులో పక్కపక్క పీటలు. దుర్గ ఆల్చిప్పతో తొట్టిలో పిల్లల్ని ముంచి సంచీలో పోస్తుంది. ఆ ఆల్చిప్ప ఆమె సొంతం, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు. మహాలక్ష్మి సంచీలో ఉన్న ఉత్త గాలిని అరచేతుల్తో నొక్కి బయటికి పంపేస్తుంది. సిలిండరుకున్న రబ్బరు గొట్టం లోపల పెట్టి, చిటికెనవేలితో మీట తిప్పి, సంచీ పొంగాక మెడ మెలిపెట్టి, మడిచి, రబ్బరు బ్యాండు రెండు చుట్లు బిగిస్తుంది. తర్వాత వేలితో ఓ దెబ్బ.

సీడు రోజుల్లో ఆ షెడ్డు ఆడవాళ్లెవరూ తలకి నూనె రాయరు. ఈ గాలి తను మండదు గానీ మండేదాన్ని ఊరుకోనివ్వదట. సిలిండరు మూతి దగ్గర నూనె చుక్క తగిలితే నిప్పుతో పని లేకుండానే భగ్గుమంటుందట. అందుకని కొబ్బరినూనె వద్దు, కిరసనాయిలు చేత్తో ముట్టుకోవద్దు. షెడ్డు ఆడవాళ్లని బజార్లో పీచు జుట్టు చూసి గుర్తుపట్టేవారు.

ఆ ఉదయం కొత్త సిలిండరు మీద చెయ్యి వేసింది మహాలక్ష్మి. పాతది అయిపోయింది. గోడవారనున్న దాని మెడ పట్టుకుని ఒక పక్కకి వంచింది. అడుగంచు మీద బొంగరంలా తిప్పుకుంటూ తన పీట దగ్గరికి తెచ్చింది. అలా తిప్పడం పట్టుబడితే ఎంత బరువైనా ఆడమనిషి ఒక్కతే తేగలదు. నిలబెట్టి చెయ్యి తీస్తే అరచేయి నల్లగా అంటుకుపోయి ఉంది.

"ఓసి దీని దుంపతెగ, రంగు ఆరలేదే."

దుర్గ వంగి చూసింది. సిలిండరు ఒళ్లంతా పాత నలుపు, గీతలూ సొట్టలూ పడి ఉంది. మెడ ఒక్కటే నిగనిగలాడుతోంది. మహాలక్ష్మి బొటనవేలు పెట్టిన చోట రంగు ఊడి, కింద తెల్లగా కనిపించింది.

"ముసలి పెళ్లికొడుకు జుట్టుకి రంగేసుకున్నట్టుంది" అంది దుర్గ. "పెళ్లిపీటల మీద చెమట పడితే బయటపడుతుంది."

"ఎందుకేశారో?"

"మనకెందుకక్కా. పిల్లలకి గాలొస్తే చాలు."

మహాలక్ష్మి బూడిద పెట్టి రుద్దింది, సబ్బు పెట్టి రుద్దింది. పోలేదు. కిరసనాయిలు గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే పోయేదే. ముట్టుకోకూడదు కదా. సీడు రోజులు అయ్యాక చూద్దాంలే అని ఆ చేత్తోనే సంచీ పట్టుకుంది.

ఎండెక్కాక దుర్గ దగ్గడం మొదలెట్టింది. ఆమెకు ఉబ్బసం. రోజంతా ఉప్పునీళ్లలో చేతులు, తడినేల మీద కాళ్లు. ఛాతీలో పిల్లి కూర్చుని కూస్తున్నట్టు సన్నగా గురక. అయినా ఆల్చిప్ప ఆపలేదు.

"ఓ సంచీ గాలి ఇటివ్వవే అక్కా, పుణ్యముంటుంది" అంది నవ్వుతూనే.

మహాలక్ష్మి అటూ ఇటూ చూసి, ఉత్త సంచీ ఒకటి గాలితో నింపి, మెడ వదులు చేసి ఆమె ముక్కుకి పెట్టింది. దుర్గ కళ్లు మూసుకుని పీల్చింది. పెదాల మీద నీలం మెల్లగా విరిగింది.

"అబ్బ. రొయ్యజన్మే నయమే" అంది. "రంగు లేదు, వాసన లేదు, కానీ ఎంత బాగుందే."

మధుసూదనరావు ఎప్పుడొచ్చాడో వెనక నిలబడి ఉన్నాడు. కోప్పడే మనిషి కాదాయన. నవ్వాడు.

"ఏమ్మా దుర్గా, అది రొయ్యల కోసం తెచ్చిందమ్మా. మనుషులకి ఆసుపత్రి ఉంది."

*

రొయ్యల చెరువుకీ, ఉబ్బసం మనిషికీ గండం ఒక్క వేళలోనే వస్తుంది. పగలంతా ఎండ తగులుతుంటే నీళ్లలోని పాచి గాలిని పుట్టిస్తుంది. చీకటి పడ్డాక ఆ పాచే ఆ గాలిని తినడం మొదలెడుతుంది. తెల్లవారేసరికి చెరువులో గాలి ఉండదు, రొయ్యలు మూతులు పైకెత్తి నీటి మీద తేలతాయి. "రొయ్య తేలిందిరోయ్" అని గట్టు మీద కేక వినబడితే చాలు, రైతుల గుండె జారిపోతుంది.

రెండు రోజుల తర్వాత పాలెంలో దుర్గ అలాగే తేలింది. తెల్లారి మహాలక్ష్మి పేడనీళ్లు చల్లుతుంటే పక్కింటి అరుగు మీద కూర్చుని కనబడింది. రెండు చేతులూ అరుక్కి ఆనించి, భుజాలు చెవుల దాకా లేపి, నోరు తెరుచుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. పలకడానికి కావలసిన ఊపిరి కూడా ఆమె దగ్గర లేదు.

చేపల బుట్టలు తోలే రిక్షాలో వేసుకుని తొక్కించింది. ఆసుపత్రి బజారు చివర, కాలవ వంతెన అవతల. ఎండ అప్పుడే పొడుస్తోంది. డాక్టరు శ్రీలలిత క్వార్టర్స్ నుంచి తడిజుట్టుతోనే పరిగెత్తుకొచ్చింది. బందరులో మాస్టారి కూతురు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. దుర్గ గోళ్లు చూసింది, వీపు మీద స్టెతస్కోపు పెట్టింది, సూది చేసింది.

"బసవపున్నయ్యగారూ, ఆక్సిజన్ పెట్టండి."

బసవపున్నయ్య అక్కడి కాంపౌండరు. డాక్టర్లు వస్తుంటారు, పోతుంటారు, ఆయన మాత్రం ఉంటాడు. "సిలిండరు లేదండీ" అన్నాడు.

"లేకపోవడమేంటి? సోమవారం నేనే చూశాను."

"ఫిల్లింగుకి బెజవాడ పంపామండీ."

"నిండుగా ఉన్నదాన్ని ఫిల్లింగుకి పంపుతారా?"

బసవపున్నయ్య కిందికి వంగి, అవసరం లేకపోయినా సూదుల డబ్బా సర్దాడు.

శ్రీలలిత మూలకి వెళ్లింది. గోడకి గొలుసు వేలాడుతోంది. గచ్చు మీద గుండ్రటి తుప్పు మరక. "ఇక్కడే ఉండాలి" అంది, ఎవరితోనో తెలియకుండా. మహాలక్ష్మి మొహం చూసి, "సిలిండరమ్మా. నల్ల ఒళ్లు, తెల్ల మెడ. ఆసుపత్రివాటికి అలాగే మెడ దగ్గర తెలుపుంటుంది, అందరికీ గుర్తు తెలియాలని. నువ్వెక్కడా చూళ్లేదు కదూ, ఎవరైనా ఎటైనా తీసుకెళ్తుంటే?"

దుర్గ వీపు రాస్తున్న చెయ్యి ఆగింది. మహాలక్ష్మి అరచేయి తిప్పి చూసుకుంది. నలుపు ఇంకా అలాగే ఉంది. రేఖల్లో మరింత పట్టేసి ఉంది. తల ఎత్తితే బసవపున్నయ్య కూడా ఆ చేతినే చూస్తున్నాడు.

"అమ్మగారూ, దీన్ని కాస్త చూస్తుండండి" అని మహాలక్ష్మి పరుగెత్తింది.

షెడ్డులో మధుసూదనరావు లేడు. సిలిండరు తన పీట పక్కనే ఉంది. మీట తిప్పింది. ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకుంది. గాలి కొలిచే ముల్లు అడుక్కి పడిపోయి ఉంది. నిన్న సాయంత్రం దాకా సంచులు కట్టింది తనే. గాలంతా మెల్లగా, కొలతగా, ఒక్క పిసరు వృథా పోనీకుండా నింపింది తనే. మంచి పనిమంతురాలని పేరు.

బయట మెటడార్ లోడు వేసుకుని ఉంది. వాసు అద్దం తుడుస్తున్నాడు.

"వాసూ, బండి ఆసుపత్రికి తిప్పు."

"గుడివాడకి లేటవుతుందక్కా, ఎండెక్కితే సీడు..."

"సీడు కాదురా. దుర్గకి ఊపిరాడట్లేదు. ఆసుపత్రి సిలిండరు తెచ్చి దానికి రంగు పూసి మనకిచ్చారు. ఆ గాలంతా నీ బండిలో ఉంది."

వాసు ఆమె చెయ్యి చూశాడు, మొహం చూశాడు. రావుగారికి ఏం చెప్పాలో ఆలోచిస్తున్నట్టు ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత తుడిచే గుడ్డ విసిరేసి, "ఎక్కు" అన్నాడు.

ఆసుపత్రి వరండాలో పెట్టెలు దింపారు. బొక్కెనలు, గిన్నెలు, వార్డులో ఉన్నవాళ్ల చెంబులు కూడా తెచ్చి పెట్టారు. మహాలక్ష్మి సంచీ మెడ దగ్గర బ్యాండు ఒక్క చుట్టు మాత్రమే విప్పి, గొట్టం లోపలికి దూర్చి, మళ్లీ బిగబట్టింది. గొట్టం రెండో చివర డాక్టరు మూతితొడుగుకి తగిలించింది. మహాలక్ష్మి సంచీని రొమ్ముకి ఆనించుకుని రెండు చేతులతో మెల్లగా నొక్కింది. గట్టిగా నొక్కితే నీళ్లొస్తాయి. మెత్తగా నొక్కితే గాలి రాదు. నింపడమే ఆమెకు చేతనైన పని. తీసివ్వడం అప్పుడే నేర్చుకుంది.

దుర్గ కళ్లు తెరిచింది. గోళ్లకు కాస్త రక్తం వచ్చింది. తొడుగు పక్కకి జరుపుకుని ఏదో అంది. మహాలక్ష్మి చెవి దగ్గర పెట్టింది.

"రొయ్యల వాసనొస్తోందే అక్కా."

"నోర్మూసుకుని పీల్చవే" అంది మహాలక్ష్మి. ఏడుపో నవ్వో ఆమెకే తెలియలేదు.

ఒక్కో సంచీ ఎంతసేపు వస్తుంది? ఒకటి చేతిలో చప్పబడేలోగా రెండోది విప్పాలి. చప్పబడిన సంచీలోని నీళ్లు బొక్కెనలో పోసేవాళ్లు. లక్షల కొద్దీ పిల్లలు. కాసేపు బొక్కెనలో నీళ్లు మరుగుతున్నట్టు కదిలాయి. తర్వాత ఒక్కొక్కటే అడుక్కి దిగాయి.

మధుసూదనరావు స్కూటరు మీద వచ్చేసరికి వరండా మెట్ల దాకా ఖాళీ పెట్టెలున్నాయి. "నా సీడు!" అన్నాడు మొదట. తర్వాత మంచం మీది మనిషిని చూశాడు.

"ఈమెని వెంటనే బందరు తీసుకెళ్లాలండీ. మీ బండి కావాలి. ఆ మిగిలిన పెట్టెలు కూడా" అంది శ్రీలలిత.

"అయ్యో, దానికేముందండీ, తీసుకెళ్లండి."

"ఇంతకీ మీ సంచుల్లో గాలి ఎక్కడిదండీ?"

"బెజవాడ నుంచండీ. ఎప్పుడూ అక్కణ్ణించే." ఆయన చూపు ఆమెను దాటి బసవపున్నయ్య మీదికి పోయి, అక్కడ కాసేపు ఆగి, నేల మీదికి దిగింది.

మెటడార్ వెనక పెట్టెల మధ్య దుర్గని పడుకోబెట్టారు. పడుకోలేక మహాలక్ష్మికి ఆనుకుని కూర్చుంది. పులిగడ్డ వంతెన మీద కృష్ణమ్మ గాలి తెరలు తెరలుగా బండిలోకి కొట్టింది. అంత గాలి. దుర్గ నోరు తెరిచి దాన్ని అందుకోవాలని చూసింది. అందులో ఆమెకు పనికొచ్చేది చాలినంత లేదు.

ఆఖరి సంచీ చల్లపల్లి దాటాక అయిపోయింది. బందరు ఇంకా దూరం. వాసు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. దుర్గ చేతివేళ్లు మహాలక్ష్మి కొంగు పట్టుకున్నాయి, గట్టిగా పట్టుకున్నాయి, తర్వాత పట్టుకోవడం మానేశాయి.

మహాలక్ష్మికి వెంటనే అర్థం కాలేదు. ఖాళీ సంచీ మెడ మెలిపెట్టి, మడిచి, రబ్బరు బ్యాండు రెండు చుట్లు బిగించింది. అలవాటు కొద్దీ వేలితో కొట్టింది. చప్పుడు రాలేదు.

"వాసూ" అంది. "ఇక మెల్లగా పోనివ్వురా."

*

చిన్నబాబుకీ ప్రసాద్‌కీ గిలకలదిండి నుంచి కబురు వెళ్లి, బోటు ఒడ్డుకొచ్చేసరికి దహనం అయిపోయింది. ప్రసాద్ ఇంటి ముందు కూర్చుని, భార్య కూర్చున్న అరుగు వైపు చూడకుండా ఇసక మీద గీతలు గీసేవాడు.

పాలెంలో రకరకాలుగా అనుకున్నారు. ఆయుష్షు తీరిందన్నారు. ఉబ్బసం మనిషిని సీడు పనికి ఎవరు తీసుకెళ్లమన్నారన్నారు. షెడ్డులో పెద్దామె చిట్టెమ్మ అయితే నలుగురిలోనే అంది: "పోయేది ఎలాగూ పోయింది. ఈ మహాలక్ష్మి బండెడు సీడు నేలపాలు చేసింది. మనందరి కూటిలో మట్టి పడితే ఎవరిది పాపం?" మహాలక్ష్మి వింది. చిన్నకర్మ రోజు వంటకి బియ్యం ఏరుతూ కూర్చుంది. అరచేతిలో నలుపు బియ్యానికి అంటుతుందేమోనని ఎడమచేత్తో ఏరింది.

మర్నాడు మధుసూదనరావు వచ్చాడు. బత్తాయిల సంచీ గుమ్మం పక్కన పెట్టి, కుక్కిమంచం మీద కూర్చున్నాడు.

ఆయన చెడ్డవాడేం కాదు. పాలెంలో ఎవరింట్లో చావైనా కట్టెలకి ముందు ఆయన చెయ్యే కదులుతుంది. సిలిండరు తెప్పించినప్పుడు కూడా దొంగతనమని ఆయన మనసుకి తోచలేదు. బెజవాడ లోడు ఆలస్యమైంది, సీడు తొట్లలో చస్తోంది, ఆసుపత్రిలో ఒకటి ఊరికే నిలబడి ఉంది. పెళ్లి వచ్చినప్పుడు పక్కింట్లో గంగాళం అడిగి తెచ్చుకున్నట్టే బసవపున్నయ్యని అడిగి తెచ్చుకున్నాడు. చూసినవాళ్లు ఏమైనా అనుకుంటారని మెడకి కాస్త రంగు వేయించాడు. లోడు రాగానే నింపించి ఇచ్చేసేవాడు. నిరుడూ తెచ్చాడు, అంతకుముందూ తెచ్చాడు. ఎప్పుడూ ఎవరికీ ఏమీ కాలేదు.

"మహాలక్ష్మీ" అన్నాడు. "బండెడు సీడు సంగతి నేనెత్తను. కేసు పెట్టమని చాలామంది చెప్పారు. నేను పెట్టను. నా కూతురు లాంటిదానివి. నువ్వు కూడా మనసులో ఏమీ పెట్టుకోకు. అన్నీ నలుగురిలో తేల్చుకునేవి కావు."

ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"రేపట్నించి రా. మిగతావాళ్లు కట్టిన సంచులు దారిలో పగులుతున్నాయి. నీ చెయ్యి లేక షెడ్డు నడవట్లేదమ్మా."

"వస్తానండీ" అంది మహాలక్ష్మి.

ఆయన వెళ్లాక చిన్నబాబు భార్య మొహంలోకి చూశాడు. "నిజంగా వెళ్తావేంటే?"

"వెళ్తాను."

"తమ్ముడు ఏమనుకుంటాడు?"

"నాలుగు రోజులాగి అడుగు. అప్పుడు చెబుతాడు" అని పక్కింట్లోకి వెళ్లింది. చూరులో దుర్గ గుచ్చి పెట్టుకున్న ఆల్చిప్ప తీసి బొడ్లో దోపుకుంది.

*

మహాలక్ష్మి పీచు జుట్టు ముడేసుకుని షెడ్డులోకి అడుగు పెట్టింది. దుర్గ పీట ఎవరో గోడకి చేరేసి పెట్టారు.

"వచ్చావా తల్లీ" అంది చిట్టెమ్మ, చేతిలో పని ఆపకుండానే. "తోడికోడలి చోట తడైనా ఆరలేదు. పీనుగ లేచిన వారం తిరక్కుండానే అదే గాలి పట్టుకోడానికి చేతులెలా వచ్చాయే నీకు?"

"వచ్చాయత్తా" అంది మహాలక్ష్మి.

గోడవారన సిలిండర్లు బారుగా నిలబడి ఉన్నాయి. బెజవాడ లోడు వచ్చింది. అన్నీ నలుపే, అన్నిటి మెడలూ నలుపే. ఆసుపత్రిదాన్ని కూడా నింపించి, మెడకి మళ్లీ నలుపు పూయించి, అక్కడ డాక్టరమ్మ గొడవ సద్దుమణిగాక, జనం లేని వేళ చూసి చేర్చేద్దామని రావుగారు అనుకుని ఉంటాడు. అప్పటిదాకా పదింటిలో ఒకటిగా ఉంటే ఎవరు పోలుస్తారు?

మహాలక్ష్మి బొడ్లోంచి ఆల్చిప్ప తీసింది. మొదటి సిలిండరు మెడ మీద గీరింది. నలుపు కింద ఇనుము. రెండోదీ ఇనుమే. ఆడవాళ్లు సంచులు వదిలి చూస్తున్నారు. గోడ మూలనున్న దాన్ని గీరింది. నల్లటి పెచ్చు లేచి కింద పడింది. గీత తెల్లగా పడింది.

వేలితో మీట తాకి చూసింది. గట్టిగా మూసి ఉంది. మూతి మీద ఇనప టోపీ తిప్పి బిగించింది. మెడ పట్టుకుని ఒక పక్కకి వంచింది. నిండుది, బరువుగా ఉంది. అడుగంచు గచ్చు మీద గరగరలాడింది. తిప్పుకుంటూ గుమ్మం దాకా వచ్చింది.

మధుసూదనరావు కుర్చీలోంచి లేచాడు. "ఎక్కడికమ్మా?"

"దీని చోటికండీ."

"ఏమిటి నువ్వనేది?" నవ్వబోయాడు. షెడ్డు ఎదురుగా టీకొట్టు, దాని పక్కన బస్సు కోసం నిలబడ్డ జనం. గొంతు తగ్గించాడు. "లోపల పెట్టు. నేనే పంపిస్తాలే, చీకటి పడ్డాక, బండిలో."

"దొంగసొత్తా అండీ చీకట్లో పంపడానికి? ఆసుపత్రిది. పగలే తీసుకెళ్తాను."

ఆయన చెయ్యి ముందుకొచ్చింది. సిలిండరు మెడ మీద పడబోయి, ఆ తెల్లటి గీత దగ్గర ఆగింది. టీకొట్టులో ఎవరో గ్లాసు కింద పెట్టారు. పట్టుకుంటే ఇది తనదని నలుగురిలో చెప్పాలి. తనది కాదని ఆయనకి తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకుని, ఏం చెయ్యాలో తోచక జేబులో పెట్టుకున్నాడు.

మహాలక్ష్మి రోడ్డెక్కింది. కంకరరోడ్డు మీద అది నున్నగా తిరగదు, రాయి తగిలి ఎగురుతుంది. ప్రతి అడుగుకీ నడుం పట్టింది. బస్సు దిగినవాళ్లు పక్కకి జరిగి దారిచ్చారు. ఏమిటని ఒకరు, ఎక్కడికని ఒకరు అడిగారు. అడిగిన ప్రతివాళ్లకీ ఆమె ఒకటే చెప్పింది, "ఆసుపత్రి సిలిండరండీ, ఆసుపత్రికండీ." మూడు నాలుగుసార్లు చెప్పాక అడిగేవాళ్లు లేరు. ఆ మాట ఆమెకంటే ముందు బజారంతా నడిచింది.

కాలవ వంతెన ఎత్తు దగ్గర సిలిండరు వెనక్కి జారింది. భుజం ఆనించి ఆపింది. పైకి పోదు, కిందికి వదలలేదు. వెనక చెప్పుల్లేని కాళ్ల చప్పుడైంది.

"తప్పుకో, ఇటు నేను పట్టుకుంటాను" అంది చిట్టెమ్మ ఆయాసపడుతూ. "బుద్ధిలేనిదానా, ఒక్కదానివే ఎత్తెక్కిస్తావా? కాలు మీద పడితే నీక్కూడా కర్మ చెయ్యాలా మేము?"

ఇద్దరూ కలిసి నెట్టారు. వంతెన మీద చిట్టెమ్మ ఒక్కసారి ఆగి, మెడ మీది గీతని కళ్లకి దగ్గరగా పెట్టి చూసింది. దాని మీద తన తడి చేత్తో తుడిచింది.

ఆసుపత్రిలో దుర్గ పడుకున్న మంచం మీద ఎవరో ముసలాయన ఉన్నాడు. చేతులు మంచం పట్టెల మీద ఆనించి, భుజాలు లేపి, నోరు తెరుచుకుని. ఆయన భార్య తాటాకు విసనకర్రతో మొహం మీద విసురుతోంది. ఆ విసరడం చూసి మహాలక్ష్మి తల తిప్పుకుంది.

మూలలో గొలుసు ఇంకా వేలాడుతోంది. సిలిండరు తీసుకెళ్లి ఆ తుప్పు మరక మీద నిలబెట్టింది. అంచుకి అంచు సరిగ్గా సరిపోయింది.

డాక్టరు శ్రీలలిత వార్డు అవతలి చివర నుంచి వచ్చి చూసింది. బసవపున్నయ్య వైపు తిరిగి, "పెట్టండి" అని మాత్రం అంది. బసవపున్నయ్య పానా తెచ్చాడు. పానా రెండుసార్లు జారింది. ఇనప టోపీ ఊడదీసి, గొట్టం బిగించి, మీట తిప్పాడు. సన్నని బుస. ముసలాయన మొహానికి తొడుగు పెట్టారు. విసనకర్ర ఆగింది.

మహాలక్ష్మి సిలిండరు పక్కన గచ్చు మీద చతికిలబడింది. బొడ్లోంచి ఆల్చిప్ప తీసి మెడ చుట్టూ గీరడం మొదలెట్టింది. మెల్లగా, కొలతగా, ఒక్క పిసరు వదలకుండా. నల్లటి పెచ్చులు ఒళ్లో రాలాయి. కింద తెలుపు వేలెడు వెడల్పున, తర్వాత అరచేతి వెడల్పున బయటపడుతూ వచ్చింది. చిట్టెమ్మ వాకిట్లో కూర్చుని చూస్తోంది. గుమ్మంలో ఒకరిద్దరు బజారువాళ్లు వచ్చి నిలబడ్డారు. బసవపున్నయ్య వార్డులో ఏ పనికి వెళ్లినా ఆ గీరుడు చప్పుడు ఆయన వెంట వెళ్లింది.

చివరికి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఇక చాల్లేమ్మా" అన్నాడు. "కనిపిస్తోందిగా."

మహాలక్ష్మి తలెత్తలేదు.

"వెనకవైపు ఇంకా ఉందండీ" అంది.